స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. నాలుగేళ్లుగా విద్యార్థుల రోబోటిక్స్ జట్టును చూసుకుంటున్నాను. ఈ ఏడాది జట్టులో 14 మంది చేరితే వారిలో అమ్మాయిలు ముగ్గురే. రెండు నెలలు తిరక్కుండా ఒకమ్మాయి మానేసింది. మిగిలిన ఇద్దరిలో ఒకరు లాగ్‌బుక్ రాస్తారు, ఇంకొకరు పోస్టర్లు, ప్రదర్శన చూసుకుంటారు. ఈ పనులు నేను అప్పగించినవి కావు, వాళ్లే అడిగి తీసుకున్నారు. మా జట్టులో వివక్ష లేదు, ఎవరైనా చేరవచ్చని ఏటా అసెంబ్లీలో ప్రకటిస్తాను. అయినా అమ్మాయిలు రావడం లేదు, వచ్చినవాళ్లు నిలవడం లేదు. వాళ్లకు వేరే జట్టు పెట్టమంటారా? ఏం చేస్తే బాగుంటుంది?
– ఒక ఉపాధ్యాయుడు

సమాధానం:

మాస్టారూ,

మీ ఉత్తరంలో "వాళ్లే అడిగి తీసుకున్నారు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. కొన్నేళ్ల క్రితం నేనూ ఇదే మాట ఇంతే నమ్మకంతో అన్నాను.

అప్పుడు నేను మెంటర్‌గా ఉన్న జట్టులో పదమూడేళ్ల అమ్మాయి ఒకతె ఉండేది. నేల మీద అంటించిన నల్ల గీత వెంబడి నడిచే రోబో తయారుచేస్తున్నాం. అది మూడో మలుపు దాకా చక్కగా వచ్చి, అక్కడ గీత వదిలేసి పక్కకు పోయేది. ఏ రోజు చూసినా అక్కడే. నలుగురు అబ్బాయిలు ల్యాప్‌టాప్ చుట్టూ మూగి వేగం తగ్గించారు, పెంచారు, కోడ్ సగానికి సగం తిరగరాశారు. మూడు వారాలు గడిచిపోయాయి. ఆ అమ్మాయి కాస్త ఎడంగా కూర్చుని లాగ్‌బుక్ రాసుకునేది. అడిగితే "నాకు ఇదే బాగుంది మేడమ్" అనేది. ఇష్టమైన పనే చేస్తోంది కదా అనుకున్నాను.

ఒక రోజు పోటీకి పంపాల్సిన ఫొటోల కోసం ఆ పుస్తకం తెరిచాను. పది రోజుల కిందటి పేజీలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "మూడో మలుపు మీద కిటికీ వెలుతురు పడుతోంది. సాయంత్రం ఆరు దాటాక రోబో గీత తప్పడం లేదు. మూడుసార్లు చూశాను."

మీకు చెప్పనక్కర్లేదు, రోబో అడుగున గీతను గుర్తించే సెన్సర్ నేల మీదికి కాంతి పంపి, తిరిగి ఎంత వస్తోందో చూసుకుంటుంది. నలుపు మీద తక్కువ తిరిగి వస్తుంది, తెలుపు మీద ఎక్కువ. మధ్యలో ఎండ వచ్చి పడితే దాని లెక్క తప్పుతుంది. మేం కోడ్‌లో వెతుకుతున్న తప్పు నేల మీద ఉంది. సెన్సర్ చుట్టూ నల్ల అట్టముక్క కట్టి, దాన్ని నేలకు మరికాస్త దగ్గరగా దించితే గంటలో సమస్య తీరిపోయింది. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను. "చెప్పాను మేడమ్, ఒకసారి. అందరూ కోడ్ చూస్తున్నారు" అంది.

రాయడం మీద ఇష్టంతో ఆ పిల్ల పుస్తకం పట్టుకోలేదు. ఆ గదిలో తన మాటకు చోటు దొరికింది ఆ పుస్తకంలోనే. అది నాకు తెలిసేసరికి ఏడాదిలో సగం అయిపోయింది. మీకు అంత ఆలస్యం కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకని అమ్మాయిలను ఎలా రప్పించాలన్న ప్రశ్నను కొద్ది రోజులు పక్కన పెట్టండి. వచ్చిన ఇద్దరూ రోబో మీద చెయ్యి వేయకుండా కూర్చున్నంతకాలం, కొత్తగా వచ్చేవాళ్లు కూడా వాళ్ల పక్కనే కూర్చుంటారు. ముందు ఒక పని చేయండి. వచ్చే సమావేశంలో మీరు ఏమీ బోధించకుండా ఒక మూల కూర్చుని, పది నిమిషాలకోసారి తలెత్తి చూసి, ఎవరి చేతిలో ఏముందో కాగితం మీద రాసుకోండి. స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గర, కీబోర్డ్ మీద చేతులు ఎవరివి, రిమోట్ ఎవరు పట్టుకున్నారు, చీపురు ఎవరు పట్టుకున్నారు. రెండు గంటల్లో పన్నెండు వరుసలు వస్తాయి. ఎవరికీ చూపించకండి, మీ కోసమే. నేను రాసుకున్న కాగితంలో ఒక అబ్బాయి పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. ఆ అమ్మాయి పేరు పక్కన ప్రతిసారీ "పుస్తకం" అని ఉంది. నలుగురిలో ఇద్దరు అబ్బాయిల పేర్లు అసలు రానే లేదు. అది కూడా గమనించండి. వెనక్కి జరిగి కూర్చునే అబ్బాయిలు ప్రతి జట్టులోనూ ఉంటారు, ఈ మార్పు వాళ్లకూ మేలు చేస్తుంది.

పనులు ఇలా పంచుకుపోవడం ఎవరో కుట్ర పన్ని చేసేది కాదు. మొదటి వారంలో, చిన్న చిన్న మాటల్లో జరిగిపోతుంది. ఒక అమ్మాయి బోల్టు బిగిస్తూ ఉంటుంది. మర సరిగా పట్టదు, అడ్డంగా ఎక్కుతుంది. పక్కనున్న అబ్బాయి "ఇలా ఇవ్వు" అని తీసుకుని రెండు క్షణాల్లో బిగించేస్తాడు. అతనికి దురుద్దేశం లేదు, సాయం చేశాననే అనుకుంటాడు. ఆ అమ్మాయికి మాత్రం, ఇది తనకు రాని పని అని ఒకసారి తెలిసివస్తుంది. నాలుగైదు సార్లు అలా జరిగాక తప్పు జరగని పని ఒకటి వెతుక్కుంటుంది. పుస్తకం, పోస్టరు, స్లయిడ్లు. అప్పుడు మనం "అడిగి తీసుకుంది" అంటాం.

మెంటర్లం కూడా ఈ పని చేస్తాం, పిల్లలకంటే ఎక్కువగా. అబ్బాయి వచ్చి మోటారు తిరగడం లేదంటే "బ్యాటరీ చూశావా? వైరు ఊడిందేమో చూడు" అంటాం. అమ్మాయి వచ్చి అదే మాట చెబితే లేచి వెళ్లి మనమే సరిచేసి ఇస్తాం. దయతోనే చేస్తాం. కానీ అబ్బాయికి వెతికే పద్ధతి వచ్చింది, అమ్మాయికి బాగైన మోటారు మాత్రం వచ్చింది. మిమ్మల్ని మీరు ఒక వారం ఈ విషయంలో గమనించుకోండి.

దీనికి నేను పెట్టిన నియమం ఒక్కటే: సాయం చేసేవాళ్లు చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఏ పని ఎవరు మొదలుపెడితే వాళ్లే ముగించాలి. పక్కవాళ్లు ప్రశ్నలు అడగవచ్చు, దారి చెప్పవచ్చు, వస్తువు మాత్రం ముట్టుకోకూడదు. మెంటర్‌కీ ఇదే వర్తిస్తుంది. మొదటి పది రోజులు పని మందకొడిగా సాగుతుంది, అబ్బాయిలు విసుక్కుంటారు, మీకూ ఓపిక నశిస్తుంది. పట్టు వదలకండి. చురుకైన అబ్బాయికి ఇది శిక్షలా అనిపించకుండా చూడటం మీ చేతిలో ఉంది. చేతులు కట్టుకుని ఎదుటివారితో సమస్య విప్పించడం బోల్టు బిగించడం కంటే కష్టమైన విద్య అని అతనికి చెప్పండి, నిజం కూడా అదే. ఎవరితో అయినా ఆ పని బాగా చేయించినప్పుడు అందరి ముందూ మెచ్చుకోండి. అలాంటి అబ్బాయి ఒక్కడు తయారైతే, గది వాతావరణం మీరు పది ఉపన్యాసాలు ఇచ్చినా మారనంతగా మారుతుంది.

లాగ్‌బుక్ విషయం కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఎవరు చేసిన పని వాళ్లే రాయాలి. గేరు మార్చినవాడు గేరు సంగతి రాస్తాడు, కోడ్ మార్చిన అమ్మాయి కోడ్ సంగతి రాస్తుంది. కింద పేరు, తేదీ. చాలా పోటీల్లో జడ్జీలు ఈ పుస్తకాన్ని శ్రద్ధగా చూస్తారు, ఎవరు ఏం చేశారని పిల్లలను విడివిడిగా అడుగుతారు. ఒక్క చేతిరాతతో నిండిన పుస్తకం మీ జట్టుకు కూడా మంచిది కాదు.

"అబ్బాయిలకు ఇవి సహజంగా అబ్బుతాయి" అని ఎవరైనా తల్లిదండ్రులో, తోటి ఉపాధ్యాయులో మీతో అంటారు. చాలామంది అబ్బాయిలు చిన్నప్పటి నుంచి బొమ్మకార్లు విప్పి చూసినవాళ్లు, వీడియో గేముల రిమోట్ పట్టినవాళ్లు. మొదటి నెలలో ఆ అలవాటు ప్రతిభలా కనిపిస్తుంది. వస్తువును మనసులో తిప్పి చూసే నేర్పునే తీసుకోండి. డిజైన్‌కు అది బాగా కావాలి. అమెరికాలోని మిషిగన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో షెరిల్ సోర్బీ అనే ఇంజినీరింగ్ ఆచార్యురాలు 1990లలో, ఆ నేర్పు తక్కువగా ఉన్న మొదటి సంవత్సరం విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఒక కోర్సు నడిపారు. ఘనాలను పేర్చడం, వాటిని పై నుంచి, పక్క నుంచి చూసినట్లు చేత్తో గీయడం, ఇలాంటి సాధనే. కొద్ది వారాల్లో ఆ నేర్పు స్పష్టంగా పెరిగింది. మీ జట్టులో కూడా కంప్యూటర్ డిజైన్‌కు ముందు అందరితో పెన్సిల్‌తో బొమ్మలు గీయించండి. గీసిన పిల్ల ఎవరైనా, తన బొమ్మ లోహమై చేతికొచ్చాక ఆ యంత్రాన్ని ఇక వదలదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: వేరే జట్టు పెట్టాలా? ఇద్దరమ్మాయిలతో ఇప్పుడే వద్దు. కానీ జట్టు లోపలి గుంపులను మాత్రం వెంటనే మార్చండి. మనం సాధారణంగా చేసే పొరపాటు ఏమిటంటే, న్యాయంగా ఉంటుందని ఒక్కో గుంపులో ఒక్కో అమ్మాయిని వేస్తాం. అది ఆ పిల్లకు అన్నిటికంటే కష్టమైన అమరిక. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో నీలాంజన దాస్‌గుప్తా, ఆమె సహచరులు 2015లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. ఇంజినీరింగ్ చదివే అమ్మాయిలను నలుగురేసి ఉండే గుంపుల్లో వేశారు. కొన్నింటిలో ఒక్కరే అమ్మాయి, కొన్నింటిలో సగం మంది, కొన్నింటిలో ముగ్గురు అమ్మాయిలు. ఆడపిల్లలు ఎక్కువమంది ఉన్న గుంపుల్లో వాళ్లు బాగా మాట్లాడారు, చర్చలో పాల్గొన్నారు. ఒంటరిగా పడినవారిలో, ముఖ్యంగా మొదటి ఏడాది విద్యార్థినుల్లో, ఆందోళన ఎక్కువగా కనిపించింది. సగం సగం ఉన్నా మాట అంతగా పెరగలేదు.

కాబట్టి మీ ఇద్దరినీ ఒకే గుంపులో వేయండి. వీలైతే మూడో అమ్మాయిని కూడా చేర్చండి. వాళ్లకు ముఖ్యమైన భాగం ఇవ్వండి. చక్రాలు, మోటార్లు ఉండే అడుగుభాగం అయితే మరీ మంచిది, ఎందుకంటే అది పాడైతే రోబో కదలదు. రోబో ఆగిపోయినప్పుడల్లా జట్టంతా ఆ అమ్మాయిల దగ్గరికి రావాలి. "ఏం చేద్దాం?" అని అడగాలి. అలంకరణకు, జెండాకు సంబంధించిన గుంపును వాళ్లకు ఇచ్చి అమ్మాయిల గుంపు పెట్టామనుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఒకటి రెండేళ్లలో సంఖ్య పెరిగి, వాళ్లే కోరుకుంటే, అప్పుడు అమ్మాయిల జట్టు పెట్టవచ్చు. అందులో గొప్ప మేలు ఉంది: పక్కకు జరిగి కూర్చునే అవకాశం ఎవరికీ ఉండదు. 2017లో వాషింగ్టన్‌లో జరిగిన ఫస్ట్ గ్లోబల్ అనే అంతర్జాతీయ రోబోటిక్స్ పోటీకి అఫ్గానిస్తాన్‌లోని హెరాత్ నుంచి ఆరుగురు అమ్మాయిలు వెళ్లారు. వీసా రెండుసార్లు నిరాకరించారు, విడిభాగాలు ఆలస్యంగా చేతికొచ్చాయి. చివరికి అనుమతి దొరికి వెళ్లి, ధైర్యంగా సాధించినందుకు వెండి పతకం తెచ్చుకున్నారు. ఆ జట్టులో మోటారు బిగించాల్సిందీ అమ్మాయిలే, కోడ్ రాయాల్సిందీ, రిమోట్ పట్టాల్సిందీ అమ్మాయిలే. 2020లో కరోనా సమయంలో ఆ అఫ్గాన్ అమ్మాయిల జట్టువారే పాత కారు విడిభాగాలతో తక్కువ ఖర్చు వెంటిలేటర్ తయారుచేసే పనికి పూనుకున్నారు. అయితే వేరే జట్టు పెడితే వాళ్లకు కొత్త మోటార్లు, మంచి మెంటరు, గదిలో సమాన సమయం ఇవ్వాలి. నిరుటి రోబో, అరిగిపోయిన బ్యాటరీలు ఇచ్చి పెట్టే జట్టు వాళ్లకు అవమానం.

రిమోట్ ఎవరు పట్టాలన్నది చాలా జట్లలో రహస్యంగా నలిగే విషయం. మొదటి వారంలోనే పరీక్ష పెట్టి డ్రైవర్‌ను ఎంచుకుంటే, ఇంట్లో వీడియో గేములు ఆడే పిల్లలే గెలుస్తారు. ఎంపిక చివరికి వాయిదా వేయండి. అందరికీ సమానంగా సాధన గంటలు ఇచ్చి, ఎన్ని గంటలు చేశారో గోడ మీద రాయించండి. నేను చూసినంతలో నాలుగో వారానికి ఆ తొలి తేడా దాదాపు చెరిగిపోతుంది. ఆ తర్వాత పరీక్ష పెట్టండి, అప్పుడు ఎవరు గెలిచినా వాళ్లదే.

ఇక కొత్తవాళ్లను రప్పించడం. అసెంబ్లీలో ప్రకటన వినగానే అప్పటికే తనకు వచ్చు అనుకునే పిల్లలే చెయ్యెత్తుతారు. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే 2017లోనే సైన్స్ పత్రికలో వచ్చిన లిన్ బియాన్ బృందం పరిశోధన చూడాలి. చాలా చాలా తెలివైన మనిషి కథ ఒకటి చెప్పి, ఆ మనిషి ఎవరై ఉంటారో బొమ్మల్లో చూపించమని పిల్లలను అడిగారు. అయిదేళ్ల పిల్లలు, ఆడా మగా ఇద్దరూ, తమలాంటివాళ్లనే చూపించారు. ఆరు, ఏడేళ్లకు వచ్చేసరికి ఆడపిల్లలు ఆడవాళ్ల బొమ్మ చూపించడం తగ్గిపోయింది. అదే పరిశోధనలో, "ఇది చాలా తెలివైనవాళ్ల ఆట" అంటే ఆ వయసు ఆడపిల్లలు అంతగా ఆసక్తి చూపలేదు. "ఇది బాగా కష్టపడేవాళ్ల ఆట" అంటే ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఆసక్తిలో తేడా లేదు. ఆరేళ్లకే, మాస్టారూ. మన దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు పదమూడు, పద్నాలుగు.

మీ ప్రకటనలో "మేధావులు", "చురుకైన బుర్రలు" లాంటి మాటలు ఉంటే తీసేయండి. అంతకంటే మంచిది, ఒక్కొక్కరినీ విడిగా పిలవండి. చూసిన పని చెప్పి పిలవండి. "నిన్న ప్రయోగశాలలో సర్క్యూట్ పని చేయకపోతే నువ్వు వైర్లు ఒక్కొక్కటే విప్పి చూశావు. మా రోబోకు సరిగ్గా అలాంటి ఓపిక కావాలి. గురువారం ఒక గంట వచ్చి చూస్తావా? నీ స్నేహితురాలిని కూడా తీసుకురా." ఒక ఉపాధ్యాయుడు తన పని గమనించాడన్న సంగతిని ఏ పిల్లా అంత తేలిగ్గా మరచిపోదు. అలా వచ్చిన మొదటి గంటలో పరిచయాలు, నియమాలు, పాత పతకాల కథలు పెట్టుకోకండి. ఇంటికి వెళ్లేలోపు తన చేత్తో కలిపిన మోటారు ఒక్కసారైనా తిరగాలి.

గోడల మీద శాస్త్రవేత్తల బొమ్మలు పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. పెట్టండి, తప్పు లేదు. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన ఆరు చక్రాల సొజర్నర్ రోవర్‌ను తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించింది డోనా షర్లీ అనీ, రోవర్‌కు ఆ పేరు సూచించింది పన్నెండేళ్ల అమ్మాయి అనీ పిల్లలకు తెలియడం మంచిదే. కానీ నా అనుభవంలో బొమ్మ కంటే రెండు తరగతులు పెద్దదైన అక్క ఎక్కువ పని చేస్తుంది. నెలకు ఒకసారి వచ్చి, వీళ్ల పక్కన నేల మీద కూర్చుని తన చేత్తో టంకం వేసి చూపించే ఇంజినీరింగ్ విద్యార్థిని ఒకరు దొరికితే వదలకండి.

చిన్నవిగా కనిపించే సంగతులు రెండు మూడు ఉన్నాయి. రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు చిన్న సైజులో కూడా తెప్పించండి. ముక్కు మీద నుంచి జారే కళ్లద్దాలతో డ్రిల్లింగ్ మిషన్ దగ్గర నిలబడాలంటే ఎవరికైనా భయమే, ఆ భయాన్ని చూసి మనం పిరికితనం అనుకుంటాం. సమావేశం ఎప్పుడు ముగుస్తుందో ముందే చెప్పి ఆ వేళకే ముగించండి. పోటీ దగ్గర పడ్డాక పొద్దుపోయేదాకా పని సాగితే మొదట ఇంటికి పిలిపించుకునేది అమ్మాయిలనే. అప్పుడు కీలకమైన చివరి మార్పులన్నీ వాళ్లు లేనప్పుడు జరిగిపోతాయి. ఆలస్యం తప్పనప్పుడు ఎవరు ఎలా ఇంటికి చేరతారో తల్లిదండ్రులతో ముందే మాట్లాడి ఉంచండి. పోటీ జరిగే చోట మరుగుదొడ్డి ఎక్కడో, ఎలా ఉందో కూడా వెళ్లి చూసి రండి. ఇది అడగడానికి పిల్లలు సిగ్గుపడతారు.

చివరిగా, మానేసిన ఆ మూడో అమ్మాయి. మీ ఉత్తరంలో ఆమె గురించి ఒక్క వాక్యమే ఉంది. ఈ విషయంలో మీకు అందరికంటే ఎక్కువ చెప్పగలిగింది ఆమే. స్టాఫ్ గదికి పిలిపించకండి, మీరే వెళ్లి కలవండి. "ఎందుకు మానేశావు?" అంటే తలదించుకుని "చదువు ఎక్కువైంది సార్" అంటుంది. "మా జట్టులో ఏ రోజు నీకు బాగా అనిపించింది? ఏ రోజు ఇక రావాలనిపించలేదు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఏం చెప్పినా సమర్థించుకోకండి, ఎవరి పేరు చెప్పినా వెనకేసుకు రాకండి. వెళ్లేటప్పుడు వీలైతే ఆమె మొదలుపెట్టి సగంలో వదిలేసిన భాగం ఏదైనా ఉంటే చేత్తో పట్టుకెళ్లండి. అది ఇంకా ఎవరూ పూర్తి చేయలేదని చెప్పండి. తిరిగి వస్తుందో రాదో ఆమె ఇష్టం. ఆమె ఏమన్నదో మాత్రం నాకు తప్పకుండా రాయండి.